కొక్కేలకు వేలాడే లోటాలు

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ బీడుభూముల అంచున ఉన్న ఆ పాత సత్రాన్ని డోర్కస్ ట్రిగేర్ పెళ్లయిన నాటి నుంచీ నడుపుతోంది. శని, ఆదివారాల్లో పట్నం జనం వస్తారు. వంగిపోయిన దూలాల కింద పడుకుంటారు, పొద్దున్నే గుడ్లు తిని పోతారు. పోయేముందు బార్‌లో కొక్కేలకు వేలాడే తగరపు లోటాలను ఫోటోలు తీసుకుంటారు. అవి ఊరి మగాళ్ల బీరు లోటాలు. ఎవడిది వాడిదే. మనిషి పోయినా లోటా అక్కడే ఉంటుంది, ఇంకొకరు ముట్టరు. ఇప్పుడవన్నీ చచ్చినవాళ్లవే, ఒక్క ముసలి జెత్రోది తప్ప. ఊరివాళ్లు తాగడానికి రావడం మానేస్తే బార్ తీసేసి గదులు వేస్తానని ఆమెకు సత్రం అద్దెకిచ్చిన యజమాని ఎప్పుడో చెప్పాడు. జెత్రో ఉన్నాడు కదా అంటూ ఆమె ఇన్నాళ్లూ ఆపింది.

ఆ మధ్యాహ్నం జెత్రో కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"నా లోటా దించమ్మాయ్. కూతురు తన దగ్గరికి తీసుకుపోతానంటోంది."

"బతికుండగా ఎవడైనా దించుకున్నాడా ముసలోడా? సిగ్గులేదూ?"

"చచ్చాక దించుకోలేను కదే! అక్కడ దాంట్లో టీ అయినా తాగుతా."

ఆమెకు నవ్వు రాలేదు. దించి, తుడిచి ఇచ్చింది.

అతను వెళ్లాక, పక్క బల్ల దగ్గరున్న పట్నం అతిథి హుషారుగా, "కొక్కెం ఖాళీ అయిందిగా, నాదొకటి తగిలించనా అండీ?" అన్నాడు.

"మళ్లీ ఎప్పుడొస్తావు బాబూ?"

"వీలైతే వచ్చే ఏడాది."

డోర్కస్ లోపలికెళ్లి యజమానికి ఫోన్ చేసింది, గదులు వేసుకోమంది. ఎప్పుడు మొదలెడదామని అతనడిగితే, ఎప్పుడైనా ఒకటేనంది.