మెట్ల మీద ఒక నిమిషం

మా పక్కింటి పెద్దాయన పోయారని కమ్యూనిటీ గ్రూప్‌లో మెసేజ్ వచ్చినప్పుడు నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేసి మళ్లీ మీటింగ్‌లో పడ్డాను. తొంభై ఆరేళ్ల మనిషి, ఐదేళ్లుగా నాకు టీ కాచి ఇచ్చిన మనిషి. ఆయనకి నేనిచ్చిన టైం ఎప్పుడూ అంతే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో మా టౌన్‌హోమ్‌కీ వాళ్లదానికీ మధ్య ఒక్కటే గోడ. ఆయన ఇంగ్లండ్ మనిషని తెలుసు కానీ, అక్కడ సినిమాలు తీశారని తెలియడానికే నాకు ఏడాది పట్టింది. బ్లాక్ అండ్ వైట్ కాలంలో పెద్ద సినిమాకి ముందు హాల్లో ఒక చిన్న సినిమా వేసేవారట. అలాంటివి డజను దాకా డైరెక్ట్ చేశారు. మూడు వారాల్లో తీసివ్వాలి, ప్రొడ్యూసర్ ఎక్కడ కత్తిరించినా నోరు మూసుకోవాలి. చివరికి విసుగెత్తి తనే ప్రొడ్యూసర్ అయి ఒక సినిమా తీశారు. అది ఆడలేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీల్లో కొత్త పనివాళ్లకి చూపించే ఫిల్ములు తీసి రిటైరయ్యారు. భార్య పోయాక ఇక్కడ కూతురి దగ్గరికి వచ్చారు. "ప్రొడ్యూసర్‌ని తిట్టుకునే సుఖం కూడా పోయింది, ఆ ప్రొడ్యూసర్ నేనేగా" అని నవ్వేవారు.

ఆయన జేబులో పాత స్టాప్‌వాచ్ ఉండేది. టీ ఆకు నాలుగు నిమిషాలు నానాలని అది నొక్కి కూర్చునేవారు. ఆ నాలుగు నిమిషాలూ మాటలుండవు. నేను ఫోన్ తీసేవాణ్ణి. మా ఆవిడ పంపిన పులిహోరలో ఎండుమిరపకాయలు ఏరి ప్లేటు అంచున వరసగా పేర్చేవారు. గోడ అవతల్నుంచి మా కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టి, ఇవాళ మూడింటికే ఆపేశారేమని అడిగేవారు.

ఆ సొంత సినిమాలో ఒక సీనుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన భర్త కింద తలుపు కొడతాడు. భార్య మెట్ల మీద నిలబడిపోతుంది, దిగదు, పైకీ పోదు. నిమిషం పాటు మాట లేదు, సంగీతం లేదు. ఆ నిమిషాన్ని ఎవరూ కత్తిరించకూడదనే ప్రొడ్యూసర్‌నయ్యానన్నారు. అందరూ సాగదీశావన్నారట. అరవై ఏళ్లయినా అది నిజమో కాదో ఆయనకి తేలలేదు. మొహమాటం లేని మనిషి ఒకరు చూసి చెప్పాలని, కూతురి చేత నాకు లింక్ పంపించారు. తెలుగువాణ్ణి పట్టుకుని మొహమాటం లేని మనిషి అనుకోవడం ఆయన అమాయకత్వం.

ఒక ఆదివారం మధ్యాహ్నం చూస్తానని ఆయనకి ముందే చెప్పాను. బట్టలు మడతపెడుతూ టీవీలో పెట్టాను, ఒకటిన్నర స్పీడ్‌లో. ట్రైనింగ్ వీడియోలూ, వార్తలూ, ప్రవచనాలూ నేను అలాగే చూస్తాను. మెట్ల సీన్ వచ్చినప్పుడు సాక్సుకి జత వెతుకుతున్నాను.

మర్నాడు ఆయన నా మొహంలోకి చూస్తూ, ఆ నిమిషం ఎక్కువైందా అని అడిగారు. అస్సలు ఎక్కువ కాలేదు, సరిగ్గా కుదిరిందని నోటికొచ్చింది అనేశాను. "చాలా సంతోషం" అని టీ పోశారు. ఆ తర్వాత రెండేళ్లూ ఆ సినిమా ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా ప్రతి వారం వెళ్లి ఆ టీ తాగి వచ్చాను.

సంస్మరణ రోజున క్లబ్‌హౌస్‌లో ఆ సినిమా వేద్దామనుకున్నారు. ఇరుగుపొరుగులో అది చూసింది మీరొక్కరే కదా, ముందుగా రెండు మాటలు చెప్పండని ఆయన కూతురు అడిగింది. ఇక ఉండబట్టలేక ఆవిణ్ణి పక్కకి పిలిచి జరిగిందంతా చెప్పేశాను.

ఆవిడ కోప్పడలేదు. "నాన్నకి తెలుసు. ఆ ఆదివారం మీ గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సినిమా మొదట్లో వచ్చే పియానో పరుగెత్తడం వినగానే లేచి బయటికెళ్లి మొక్కలకి నీళ్లు పోశారు" అంది.

అయితే నన్నెందుకు నిలదీయలేదన్నాను.

"నన్నూ మీకు చెప్పొద్దన్నారు. మీరు సిగ్గుపడితే మళ్లీ టీకి రారేమోనని."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అరవై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నని వదిలేసుకుని, ఫోన్ చూసుకునే నన్ను ఉంచుకున్నారాయన. ఆ రోజు అందరి ముందుకీ వెళ్లి నిలబడి, "నేను ఈ సినిమా చూడలేదు. ఇవాళ మీతో పాటు చూస్తాను" అని మాత్రం అనగలిగాను.

దీపాలు తగ్గించారు. మెట్ల సీన్ వచ్చింది. గదిలో ఎవరో కుర్చీ జరిపారు, ఎవరో దగ్గారు. కాసేపటికి మా ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"ఏవండీ, నెట్ పోయినట్టుంది. బఫర్ అవుతోంది, వాళ్లకి చెప్పండి."

"పోలేదు. చూడు" అన్నాను.

తెర మీద ఆవిడ ఇంకా మెట్ల మీదే నిలబడి ఉంది.