అత్త చెప్పని మాట

నలభై మూడేళ్ళుగా నా చేతిరాతకు నేనే భయపడుతున్నాను. ఒక పోస్టుకార్డు మీద ఆరు వాక్యాలు. వాటిలో మూడు అబద్ధం. ఏ వరుసలో ఏముందో చూడకుండా చెప్పగలను. మీకు ముందు చెబుతున్నాను. ఆ తర్వాత చెప్పవలసిన మనిషితో ఈ ఇంట్లోనే కాపురం చేస్తున్నాను.

అప్పుడు మేము ఆదోనిలో ఉండేవాళ్ళం. మా మేనత్త కొడుకు, నాకు కాబోయే భర్త, నౌకాదళంలో చేరి ఒడిశాలో తొలి శిక్షణలో ఉన్నాడు. అత్తకు భర్త లేడు, చదువు రాదు. ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. వారానికొక కార్డు. చివర నావి రెండు మాటలు. ఈత పరీక్ష రెండుసార్లు తప్పి బావ వదిలి వచ్చేస్తానన్నప్పుడు, వద్దని నిలబెట్టింది నా మాటలే. అది మంచి పనే. ఆ మంచి పనే నాకు అంత చొరవ ఇచ్చిందా?

పదిహేడో కార్డు నాడు అత్త మంచం దిగలేదు.

"ఈత పాసైనాడంటనే అమ్మీ! మనూర్లో తాగనీకే నీళ్ళు లేవు, వీడెట్ల మునిగి లేసినాడో!" అని నవ్వి, నొప్పికి పొట్ట పట్టుకుంది. "రాయి. నాకు బాగలేదు. ఒక్కసారి వచ్చి మొగం సూపిచ్చి పో నాయనా, అని రాయి."

నేను రాసింది ఇది: నేను బాగున్నాను. శిక్షణ పూర్తి చేసుకునే రా. అంతదాకా నాకు మొహం చూపించొద్దు.

"ఏదీ, సదువు."

కార్డు వైపు చూస్తూ, ఆమె మాటలే ఆమెకు వినిపించాను. తడబడలేదు.

"నేను సెప్పినట్టే రాసినావు. నువ్వు కోడలైతే నాకేం దిగుల్లేదు పో."

ఎందుకు చేశాను? మధ్యలో ఇంటికొస్తే అతన్ని వెనక బ్యాచ్‌లోకి నెడతారు, అతని మేలుకే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. మా నాన్న మద్దికెరలో ఒక బడిపంతులు సంబంధం చూసి ఉంచాడు. బావకు ఆలస్యమైతే నన్ను అక్కడ ఇచ్చేసేవాడు. నాకు బావ కావాలి. అత్త జబ్బు అంత ముదిరిందని తెలియదా? తెలుసు. ఆమె ముట్టని గంజి గిన్నె ఆ పొద్దున కడిగింది నేనే.

కార్డు వేశాక అత్త పంతొమ్మిది రోజులు బతికింది. కార్డు చేరడానికి ఐదు, అతను రావడానికి రెండు. పన్నెండు రోజులు మిగులుతాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పన్నెండే. అమ్మ పోయిందన్న తంతి అందినా అతను రాలేదు, అమ్మ మాట నిలబెట్టాడు. కర్మ పాలివాళ్ళు చేశారు.

తొలి శిక్షణ ముగిసి, రెండో చోటికి పోయేముందు ఇరవై రోజుల సెలవు దొరికింది. ఏడాదిపాటు నెలనెలా పెట్టవలసిన మాసికాలన్నీ ఒక్క రోజులో పెట్టించి, ఆరో రోజు మాకు పెళ్ళి చేశారు. అలా చేస్తే సెలవు సరిపోతుందని రోజులు కూర్చి చెప్పిందీ నేనే.

ప్రతి ఏడూ అత్త తద్దినం నాడు ఆయన ఆ కార్డు తీసి పిల్లలకు చదువుతారు. "అదీ మాయమ్మ పౌరుషం!" అంటారు. నేను వడ్డిస్తూ ఉంటాను.

చచ్చేదాకా ఇలాగే మోసేదాన్నేమో. కానీ నిన్న మనవరాలు ఫోన్ చేసింది. ఆమెదీ ఇప్పుడు అదే శిక్షణ. వాళ్ళమ్మకు, అంటే మా కూతురికి, వచ్చే వారం గుండె ఆపరేషన్. రావాలా అని అడిగింది. ఆయన కార్డు చదివి వినిపించారు.

"సరే తాతా, రాను," అన్నది.

ఈ ఉదయం నేనే ఫోన్ చేశాను. "ఆ మాట మీ ముత్తవ్వది కాదు. నాది. అబద్ధం. సెలవడిగి బయల్దేరు."

"తాతకు తెల్సా అవ్వా?" అన్నది.

ఇంకో గంటకు తెలుస్తుంది. ఆయన ఎమ్మిగనూరు బజారుకు కూరగాయలకు వెళ్ళారు. ఆయనకని వేరే రాస్తున్న ఈ కాగితం ఆ కార్డు పక్కన, పైన ఆయన కళ్ళద్దాలు పెడుతున్నాను. క్షమించమని రాయడం లేదు. అత్త చెప్పింది మాత్రం రాస్తున్నాను. ఆ రోజు చివర ఆమె ఇంకొక మాట కూడా కలిపింది, అదీ వదలను.

ఒక్కసారి వచ్చి మొగం సూపిచ్చి పో నాయనా. దోవలో ఏమన్నా తిని రా.