దాగుడు పిల్లి

చైనాలోని చెంగ్దూ నగరంలో కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే యూలాన్‌కు నలభై దాటాయి. మొగుడి లెక్కలో ఆమెకున్న దురలవాటు ఒక్కటే, గుడ్డిడబ్బాలు. లోపల ఏ పిల్లిబొమ్మ ఉందో విప్పితే తప్ప తెలియదు. ఆ ప్లాస్టిక్ పిల్లులకు తగలేసే డబ్బుతో ఇంటిల్లిపాదీ హోటల్లో హాట్‌పాట్ విందు తినొచ్చని అతను గొణుగుతాడు. అన్నదాంట్లో తప్పేమీ లేదు. యూలాన్ కూడా కాదనదు, కొనడం మానదు.

ఆమె చేతికి ఆ చుట్టుపక్కల పేరుంది. డబ్బాను చెవి దగ్గర మెల్లగా ఊపి, అరచేతిలో బరువు చూసి, లోపలిది ఏదో చెప్పేస్తుంది. తప్పడం అరుదు. అందుకే పక్క సెలూన్లో తలలు కడిగే షూమన్ ప్రతి శనివారం ఆమె వెంట పడుతుంది. రాయి-కత్తెర-గుడ్డ ఆటలో గెలిచినవాళ్ళు ముందు ఎంచుకోవాలి. బొమ్మల దుకాణంలో చెరొకటి కొని, ఎదురుగా ఉన్న నూడుల్స్ కొట్టులో విప్పుకుంటారు.

ఈ వరస పిల్లులన్నీ యూలాన్ అరలో చేరాయి, ఒక్క దాగుడు పిల్లి తప్ప. అది ఏ వందో డబ్బాలోనో ఉంటుంది, దాని బొమ్మ డబ్బా మీద కూడా వేయరు. దానికోసం ఆమె ఏడాదిగా మొహం వాచి ఉంది.

ఆ శనివారం షూమన్ గెలిచింది. ఒక డబ్బా తీసి, అలవాటుగా యూలాన్ చేతిలో పెట్టింది.

"చూడక్కా, ఇది తీసుకోనా?"

బరువుగా ఉంది. ఊపినా చప్పుడు లేదు. ఇదే దాగుడు పిల్లేమోనని యూలాన్‌కు ఆశ పుట్టింది, ఆశకు సిగ్గెక్కడిది?

"వద్దే. నీ దగ్గరున్న గరిటె పట్టిన వంటపిల్లే. ఆ పక్కది తీసుకో," అంది.

షూమన్ నమ్మి పక్కది తీసుకుంది. తన వంటపిల్లికి చెవి విరిగిందని ఇంకో అబద్ధం చేర్చి, వద్దన్న డబ్బాను యూలాన్ తీసుకుంది.

నూడుల్స్ కొట్టులో ముందు యూలాన్ విప్పింది. నిజంగానే వంటపిల్లి. చుట్టూ ఎవరో అదనంగా అట్టముక్కలు కుక్కారు. ఆ బరువు వాటిది. షూమన్ తన డబ్బాలోని కవరు చింపింది. వెండిరంగు దాగుడు పిల్లి.

షూమన్ కళ్ళు చెమ్మగిల్లాయి. "నీకు తెలుసు కదూ అక్కా? నాకివ్వాలనే పక్కది తీసుకోమన్నావు."

యూలాన్ ఊఁ అంటే సరిపోయేది. కానీ షూమన్ ఆ పిల్లిని ఆమె వైపు జరిపి, నీ దగ్గరే ఉంచుకోమంది. అది మాత్రం యూలాన్ భరించలేకపోయింది.

"లేదు షూమన్. మంచిది నేను తీసుకున్న దాంట్లో ఉందనుకునే, దాన్ని నీ చేత వద్దనిపించాను."

షూమన్ పిల్లిని తీసి తన సంచిలో వేసుకుంది. కోప్పడలేదు. ఎప్పటిలా యూలాన్‌ను ఇవ్వనీయకుండా, తన గిన్నె డబ్బులు తనే ఇచ్చింది.

తర్వాతి శనివారం కూడా వచ్చింది. ఎప్పటిలాగే కబుర్లు చెప్పింది, నవ్వింది, ఆటలో గెలిచింది. ఒక డబ్బా తీసి, చెవి దగ్గర పెట్టుకుని, చేతకాని ఊపు ఊపి, నేరుగా డబ్బు కట్టేచోటికి నడిచింది. డబ్బా కోసం అప్పటికే చాచిన చేతిని యూలాన్ వెనక్కి తీసుకుంది.