బ్రేకు గట్టిగా ఉందండీ

మా ఆవిడకి డ్రైవింగ్ చేతకాదని న్యూజెర్సీలోని మా తెలుగు సంఘమంతా నమ్మింది. నమ్మించింది నేను. అది అబద్ధం.

ఎనభైల మొదట్లో నా దగ్గర పన్నెండేళ్ళ పాత కారొకటి ఉండేది. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు, పొడుగాటి ముక్కు. రోజూ నడిపే కారని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. రోజూ నడిపేది మా ఆవిడ. ఆమె నర్సు, తెల్లారేసరికి ఆస్పత్రిలో ఉండాలి. నేను ఆఫీసుకి స్నేహితుడి కారులో పోయేవాణ్ణి. శని, ఆదివారాలు మాత్రమే స్టీరింగు నాది. ఆ రెండు రోజుల వీరుడి కోసం ఇంజిన్‌కి బలం పెంచాలనుకున్నాను.

ఆ స్నేహితుడూ నాలాంటివాడే. ఇద్దరం ఇంజినీర్లం, ఇద్దరికీ స్పార్క్ ప్లగ్ విప్పడం రాదు. లంచ్‌లో కార్ల పత్రికలు ముందేసుకుని హార్స్‌పవర్ గురించి పండితుల్లా వాదించుకునేవాళ్ళం.

విడిభాగాల కొట్టులో కౌంటర్ వెనక ఉన్నతను మంచి సలహాయే ఇచ్చాడు. ఎక్స్‌హాస్ట్ పైపులు, వెనక ఇరుసులో గేర్లు మార్చుకుని అక్కడితో ఆగమన్నాడు. నేను పత్రికలోని అతి పెద్ద క్యామ్‌షాఫ్ట్ మీద, అంటే ఇంజిన్ వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీ మీద, వేలు పెట్టాను.

"అది రేసులకి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలిని లాగే వాక్యూమ్ చాలదు. నీవి పవర్ బ్రేకులేనా?" అని అడిగాడు.

అదే కావాలని డబ్బు కట్టాను. బయటికొచ్చాక స్నేహితుడు పకపకా నవ్వాడు. "హైస్కూల్ దాటనివాడు మెకానికల్ ఎమ్మెస్‌కి వాక్యూమ్ మీద లెక్చర్ ఇస్తున్నాడు గురూ!"

నేనూ నవ్వాను. వాక్యూమ్ మీద నాకు రెండు పేజీల సమీకరణాలు వచ్చు. నా కారు బ్రేకులు ఆ పీల్పు మీదే ఆధారపడ్డాయని మాత్రం బుర్రకి తట్టలేదు. పెద్ద క్యామే వేయించాను. సిగ్నల్ దగ్గర ఆగితే కారు గుడగుడమంటూ ఊగేది. పక్క కార్లవాళ్ళు తిరిగి చూసేవారు. నాకు కావలసింది అంతే.

వారం తిరక్కుండా మా ఆవిడ అంది: "ఏవండీ, బ్రేకు గట్టిగా ఉందండీ."

"గట్టిగా ఉండక మెత్తగా ఉండాలా? మంచిదేగా!"

"అది కాదండీ. ఎంత తొక్కినా దిగట్లేదు. రెండు కాళ్ళూ పెడుతున్నా."

"పెద్దింజిన్ మరి. నీకే అలవాటు కావాలి."

గట్టి అంటే బిగుసుకుపోయిందనీ అర్థం, బలంగా ఉందనీ అర్థం. నాకు అనుకూలమైన అర్థం నేను తీసుకున్నాను.

మరో పది రోజులకి ఆమె ట్రాఫిక్‌లో ముందున్న పొడుగాటి స్టేషన్ వ్యాగన్ కారుని గుద్దింది. మణికట్టు విరిగింది. ఆ ఆదివారం ఒకరి అపార్ట్‌మెంట్‌లో జరిగిన ప్రార్థన కూటంలో నేను లేచి సాక్ష్యం చెప్పాను. "మా ఆవిడ అజాగ్రత్త నుంచి ప్రభువే ఆమెని కాపాడాడు" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. కట్టు కట్టిన చేత్తో ఆమె కూడా అంది.

"పోనీలెండి సిస్టర్, అంత బండి ఆడవాళ్ళ వల్ల అవుతుందా?" అని నా స్నేహితుడు ఓదార్చాడు.

ఆమె మళ్ళీ స్టీరింగు పట్టలేదు. రెండు బస్సులు మారి డ్యూటీకి వెళ్ళేది. తప్పు క్యామ్‌దేనని రిపేరు చేసినవాడు ఆ నెలలోనే నాకు చెప్పాడు. కారు అమ్మేసి నోరు మూసుకున్నాను.

ఆరేళ్ళ తర్వాత స్నేహితుడి దగ్గర ఒప్పుకున్నాను. వాడేమీ ఆశ్చర్యపోలేదు. "అదా? నాకప్పుడే అనుమానం గురూ. మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకని ఊరుకున్నా." వాడి ముఖంలో నా ముఖమే కనిపించి అసహ్యం వేసింది.

ఇంటికెళ్ళి ఆమెకి చెప్పాను.

"ఆ వ్యాగన్ చివరి సీటు వెనక్కి తిరిగి ఉందండీ. ఇద్దరు పిల్లలు అందులో కూర్చుని నన్నే చూస్తున్నారు. నేను సరిగ్గా తొక్కలేదేమోనని ఇన్నాళ్ళూ..."

"సరిగ్గానే తొక్కావు."

"అయితే ఆ మాట కూటంలో చెప్పండి."

రెండు ఆదివారాలు లేచి నిలబడ్డాను. రెండుసార్లూ వేరే మేళ్ళకి స్తోత్రాలు చెప్పి కూర్చున్నాను. మూడో ఆదివారం ఆమె నా పక్కన కూర్చోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.