పగడపు దీవిలో పులిహోర

కాకినాడ కాలేజీలో శశికళ జువాలజీ చెప్పేది. పగడాల పాఠం వచ్చినప్పుడల్లా రంగు సుద్దలతో బోర్డు మీద గోర్గోనియా బొమ్మ వేసేది. విసనకర్రలా విచ్చుకునే ఆ పగడాన్ని ఆమె మాత్రం ల్యాబులోని ఫార్మలిన్ సీసాలోనే చూసింది. పాలిపోయి, బిగుసుకుని ఉండేది.

పెళ్లయ్యాక అమెరికాలోని కాపెల్ అనే ఊరికి వచ్చింది. భర్త ఆంజనేయప్రసాద్‌ది హెచ్-1బి ఉద్యోగ వీసా, ఆమెది దాని మీద భార్యలకిచ్చే హెచ్-4. ఉద్యోగం చేయకూడదు. భర్త చదువును చూసి పిలిచిన దేశం, భార్య చదువును పెట్టెలోంచి తీయొద్దంది. దీన్ని అన్యాయమనడానికి మనవాళ్లు ఇప్పటికీ మొహమాటపడుతున్నారు.

2013 వేసవిలో నాలుగు కుటుంబాలు ఫ్లోరిడా వెళ్దామనుకున్నప్పుడు ఈ దీవిని వెతికి పట్టుకున్నది శశికళే. సముద్రం మధ్య ఒక ఇసుక తిన్నె, చుట్టూ పగడాలు. ఈత రాదు కనుక, కమ్యూనిటీ పూల్‌లో చిన్నపిల్లల పక్కన నిలబడి, నీళ్లలో తల ముంచడం నేర్చుకుంది.

పడవ దిగగానే అక్కడి పార్కు రేంజర్ గట్టిగా చెప్పింది: పగడాల మీద కాలు పెట్టొద్దు, ఒక్క గవ్వ కూడా తీసుకెళ్లొద్దు, చెత్తంతా తిరిగి పట్టుకెళ్లాలి, మూడింటికి పడవ వెళ్లిపోతుంది.

మగవాళ్లూ పిల్లలూ నీటి అడుగు చూసే మాస్కులు తగిలించుకుని నీళ్లలోకి దిగారు. ఆడవాళ్లు ట్రేల ముందు కూర్చున్నారు. ఈ పనులు ఎవరూ పంచలేదు. మన పిక్నిక్కుల్లో ఆ పంపకం ఇంటి దగ్గరే అయిపోయి ఉంటుంది. పులిహోర, బిర్యానీ, గారెలు, పెరుగన్నం. ఇసుక పడకుండా ఒకరు మూత పట్టుకోవాలి, ఒకరు పక్షుల్ని తోలాలి, ఒకరు వడ్డించాలి.

“వదినగారూ, ఇంకాస్త పులిహోర! ఉప్పునీళ్లు తాగితే ఆకలి డబుల్ అవుతుందండీ,” అన్నాడు ప్రసాద్ స్నేహితుడు రాజారావు.

ప్రసాద్, రాజారావు తప్ప తిన్నవాళ్లు మళ్లీ నీళ్లలోకి పోయారు. ఇంకో గుంపు వచ్చింది. శశికళ పడవ వైపు చూసింది. పనివాళ్లు అప్పుడే లైఫ్ జాకెట్లు సర్దుతున్నారు.

“చివర్లో కాళ్లయినా తడుపుకుందాంలే శశీ, ఫొటోకి,” అంది రాజారావు భార్య అనురాధ.

అంతలో కూతురు సంహిత తడిసిన జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, కింద పెద్ద ఫ్యాన్ ఉంది, పర్పుల్! అది ఇట్లా ఇట్లా వేవ్ చేస్తోంది!”

“ఊగుతోందా?”

“యా! నువ్వు రావా?”

శశికళ లేచి గరిటె ప్రసాద్ చేతిలో పెట్టింది.

“ఇప్పుడా? ఇంకా వీళ్లు తినలేదు.”

“అందుకే మీకిచ్చా.”

“ప్రసాదూ, ప్రమోషన్ వచ్చిందిరా!” రాజారావు పగలబడి నవ్వాడు.

“మీకూ వచ్చింది, మూత పట్టుకోండి,” అంటూ అనురాధ మాస్కు వెతుక్కుంది.

మాస్కూ ఊపిరి గొట్టమూ తగిలించుకుని, లైఫ్ జాకెట్ వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, శశికళ మొహం నీళ్లలో పెట్టింది. మొదటిసారి వెంటనే తల ఎత్తేసింది, మళ్లీ ముంచింది. తర్వాత కనిపించింది గోర్గోనియా. ఊదారంగులో, అల వచ్చినప్పుడల్లా మొత్తంగా ఒరిగి, మళ్లీ లేస్తోంది. ఏ పుస్తకమూ ఆమెకు దాని కదలిక చూపించలేదు. బోర్డు మీద ఎన్నిసార్లు దాన్ని నిటారుగా నిలబెట్టిందో!

పడవ హారన్ మోగింది. సంహిత చెయ్యి లాగింది. శశికళ తల ఎత్తకుండానే, ఇంకొక్క నిమిషం అని వేలు చూపించింది. ఒడ్డు మీద ప్రసాద్ ఏ మూత ఏ ట్రేదో తెలియక తిప్పలు పడుతున్నాడు.