దేగులో నా సగం

పుట్టింట్లోనూ దుకాణమే, అత్తగారింట్లోనూ దుకాణమే కాబట్టి, బేరమాడకుండా తెచ్చిన వస్తువు నాకు ఇంట్లో ఇమిడేది కాదు. కరీంనగర్‌లో మా బాపుది కిరాణా దుకాణం. నన్నిచ్చిన ఆదిలాబాద్ ఇంటివాళ్లదీ కిరాణమే. పెండ్లయి వచ్చిననాడు నీకు మారింది గల్లాపెట్టె ఒక్కటే అని మా ఇంటాయన నవ్వేటోడు.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో, ఒక ఎండాకాలం, నాగపూర్ దిక్కు నుంచి పాత సామాన్లోడు ఎడ్లబండి కట్టుకొని మా వాకిట్లకు వచ్చిండు. వాని బండిలో తుక్కు కింద ఒక పొడుగాటి కట్టె కనపడ్డది. దాని కొసకు గుండ్రటి పళ్లెం, ఒక పెట్టె, చెవులకు తగిలించుకునే డిప్పలు. నాకు కావలసిన వస్తువు దిక్కు నేను చూడను, అది బాపు నేర్పిన విద్య. పగిలిన లాంతరు ఒకటి ఎత్తి పట్టుకొని, దానికి లేని గుణాలన్నీ అడిగి, మాటల్ల మాటలెక్క అడిగిన.

"ఆ కట్టె ఏంది?"

"మిలిటరీ మాల్ ఆహే, బాయీ! లడాయిల మందుపాతర్లు పట్టెటందుకు చేసిన్రు. భూమిల ఇనుముండనీ, రాగుండనీ, చెవుల మొత్తుకుంటది. హర్రాజుల పాడుకున్న."

"గంత మంచిదైతే నువ్వెందుకు తుక్కు మోస్తున్నవ్? బంగారమే తవ్వుకుందువు గద."

వాడు నెత్తి గోక్కున్నడు. పొద్దెక్కేదాకా లాగి, ఖాళీ నూనె డబ్బాలకూ ఒక చిల్లు బిందెకూ ఆ మిషిను పుచ్చుకున్న. బేరంల ఓడిపోయినోడు సందు దాటేదాకా తిరిగి తిరిగి చూస్తడు. వీడు ఒక్కసారి కూడా తిరగలే, పైగా ఎడ్లను ఉరికించిండు. ఎందుకో రేడియోలు బాగుచేసే దుకాణంలో తెలిసింది. దాని బ్యాటరీలు నాగపూర్ నుంచి తెప్పియ్యాలె, అవి కొనే పైసలకు మళ్లా అసొంటి మిషినే ఇంకొకటి వస్తది.

కొన్నదాన్ని వదులుకుంటే పరువు పోదా? తెప్పించిన.

డిప్పలు చెవులకు పెట్టుకుంటే తుమ్మెద రొదలాగా సన్నగా వినిపించేది. పళ్లెం కింద లోహం తగిలితే ఆ రొద లేచేది. మొదటి రోజు మా పెరడంతా ఒకటే మోత. కొంగు బిగించి తవ్విన. వంగిన మొలలు, డబ్బా మూతలు, బొక్కెన కడెం, అత్తమ్మ కాలం నాటి గంటె తోక. మా ఇంటాయన ఒక తట్ట తెచ్చి గట్టున పెట్టిండు.

"నీ ఖజానా దీంట్ల వేసుకో. తాళం కావాల్నా?"

"ఉంటే తే."

"ఇన్నేండ్లు మనుషులతోని బేరమాడితివి. ఇప్పుడు భూమితోనా? అది ఒక్క పైస తగ్గదు, చూస్తుండు."

బజారులో నాకు మొలల సావుకారమ్మ అని పేరొచ్చింది. సరుకుకు వచ్చినోళ్లు కందిపప్పు ధర అడిగి, మొలల ధర కూడా అడిగేటోళ్లు. నేను నవ్వుతూనే పప్పులో ఆ ఎగతాళి ధర కలుపుకునేదాన్ని.

ఏ మోత పనికొస్తది, ఏది పనికిరాదు అన్నది నాకు ఎవరూ చెప్పలే. నాకు తెలిసిన లెక్క ఒక్కటే, అది బాపుది. నిజాం సిక్కా, ఇంగ్రేజోళ్ల కల్దారు రెండూ చెల్లిన దినాల్లో మా దుకాణం గడపకు ఒక నున్నటి బండ ఉండేది. వచ్చిన ప్రతి రూపాయినీ బాపు దాని మీద పడేసి వినేటోడు. "గల్లుమంటే గల్లాల వెయ్యి బిడ్డా. మూగగ పడితే తిరిగిచ్చెయ్యి, మొకం చూసి మొహమాటపడకు." తూకం నేర్వకముందే నాకు ఆ చెవి వచ్చింది. మిషినుకూ అదే లెక్క కట్టిన. ఖంగుమంటే మంచి మాలు, మూగదైతే ఖోటా.

దసరా ముందర ఖాలా మా దుకాణం మెట్టు మీదికి వచ్చి కూసున్నది. మా వెనక గల్లీలో ఉండే ముసలమ్మ, పిండివంటలు కాల్చి అమ్ముకొని బతికేది. ఊరంతా ఆమెను చిన్నమ్మ అన్నట్టు ఖాలా అనే పిలిచేది. మా దగ్గర శెనగపిండి తీసుకునే మనిషి, ఆ రోజు పిండి అడగలే.

"బిడ్డా, నీ మిషిను రాగి పసిగడ్తదా?"

"ఇనుమునే ఇడుస్తలేదు, రాగినిడుస్తదా? ఏం పోయింది ఖాలా?"

పోయింది దేగు. షాదీలకు అన్నం వండే పెద్ద రాగి పాత్ర, ఇద్దరు మనుషులు కర్రలేసి మోసేటంత. ఆమె మొగుడు వంటమేస్త్రి. పోలీస్ యాక్షన్ దినాల్లో గల్లీలో భయం పుట్టి, అతను పెండ్లాన్నీ పదేండ్ల కొడుకునూ ముందుగా కరీంనగర్ బంధువుల ఇంటికి పంపిండు. దేగును పెరట్లో పూడ్చి తరవాత తనూ వచ్చిండు. పెరట్లో భద్రంగ ఉన్నది అన్నడు తప్ప, ఏ మూలకో చెప్పకముందే జ్వరం వచ్చి పోయిండు. ఆమె తిరిగి వచ్చేసరికి పెరటి మట్టిగోడ వానకు కూలి ఉన్నది. ఆ జాగాలో ఎడ్ల గిట్టలకు ఇనుప నాడాలు కొట్టేటోడు కొలిమి పెట్టి, గుర్తులన్నీ తొక్కించిండు. చాతనైనకాడికి తవ్వుకున్నది, దొరకలే.

"ఇప్పుడెందుకు యాదికొచ్చింది?"

"దసరా పోతే ఆ పెరట్ల బండలు పరుస్తరట. ఇంటి మాలిక్ పత్తి బస్తాలకు కిరాయికిచ్చిండు. ఆపైన ఏం తవ్వుత?" కొంగుతో మొకం తుడుచుకున్నది. "మా పిల్లగాడు బెల్లంపల్లి బొగ్గుబాయిల పేరు రాయించుకొచ్చిండు. వాళ్ల బాపు చెయ్యి వానికొచ్చింది బిడ్డా. ఇంట్ల పప్పు వండినా గల్లీ తలుపులు తెరుస్తది. కాని దేగు లేనోన్ని షాదీకి ఎవడు పిలుస్తడు? కిరాయి దేగుల వండితే పేరు దేగిచ్చినోనికే పోతది. దేగు ఉంటే వాడు ఈడనే ఉంటడు. లేకుంటే భూమి కిందికి పోతడు."

నా మనసు కరిగింది. కరిగినా నోరు ఊకోలే.

"సరే ఖాలా. దేగు నీది. దేగుల ఏమున్నా సగం నాది."

ఆ దినాల్లో పాతిపెట్టిన పాత్రలో ఏమీ ఉండదని ఎవరు నమ్ముతరు? ఆమె నవ్వి, నా అరచేతిలో చెయ్యి వేసింది.

"మంజూర్. సగం నీది."

ఆమె కొడుకు జిన్నింగు మిల్లులో హమాలీ, పెండ్లి కాని పిల్లగాడు. పార, గడ్డపార పట్టుకొని నా వెనక నడిచిండు. పళ్లెం నేల మీద తిప్పుతుంటే ఎక్కడ చూసినా మోత. ఖంగుమన్నచోటల్లా కాలితో గీత గీసిన, అతను తవ్విండు. ఎడ్ల నాడా. ఇంకోచోట, నాడా. మరోచోట, విరిగిన నాడా, దానికి అంటిన మొల. కూలిన గోడ దిక్కు మాత్రం ఖంగు లేదు. గొంతు పట్టిన మనిషి మూలిగినట్టు ఒకటే బొంగురు రొద. తడి మట్టి అనుకున్న, మూగ రూపాయిని తిరిగిచ్చినట్టు వెనక్కి మర్లిన.

"అక్కా, గా మూలకు?"

"అది ఖోటా తమ్మీ. దండుగ."

రెండో రోజుకు పెరడంతా బొందలే. నాడాలు కుప్పపడ్డయి. పిల్లగాడు పార గోడకు ఆనించి చేతులు దులుపుకున్నడు.

"ఎడ్లకు మస్తు చెప్పులు దొరికినయి. నాకే దొరకలే. అక్కా, నేను ఐతారం బెల్లంపల్లికి పోత."

ఖాలా లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. నాకు చాయ్ ఇచ్చింది. ఆ చాయ్ తాగుతుంటే మిషిను బరువు ఏందో భుజానికి అప్పుడు తెలిసింది. బ్యాటరీ కూడా నీరసపడ్డది, రొద సన్నబడుతున్నది. ఇంకోటి తెప్పిస్తే వచ్చేసరికి బండలు పరవడం అయిపోతది.

మర్నాడు దుకాణంలో కూసుంటే, మా ఇంటాయన కొత్త తక్కెడ తెచ్చిండు. తెచ్చినోడు దాంట్లో సరుకు వెయ్యలే. ముందు ఒక దిక్కు తూకపు బాట్లు పెట్టిండు, ఇంకో దిక్కు అంతే బరువున్న బాట్లు పెట్టిండు, ముల్లు చూసిండు. తెలిసిన బరువు వేసి చూడకుండా మేము ఏ తక్కెడనూ నమ్మం. నాకు నెత్తిన మొట్టికాయ పడ్డట్టయింది. ఈ మిషినుకు నేను ఎన్నడు బాట్లు వేసి చూసిన?

లేచి పెరట్లకు పోయిన. స్నానానికి నీళ్లు కాగబెట్టే రాగి కాగు మాది, కడుపు పెద్దది. నడుం లోతు గుంత తీయించి దాన్ని పూడ్పించిన. పక్కన ఒక మొలను పైపైన మట్టిలో గుచ్చిన. డిప్పలు పెట్టుకొని నడిచిన. మొల మీద ఖంగు! జానెడు జరిగితే చప్పుడు లేదు. కాగు మీద ఖంగు లేదు, బొంగురు రొద. కానీ అది ఆగలే. అడుగు వేసినా ఉన్నది, ఇంకో అడుగు వేసినా ఉన్నది, కాగు అంచు దాటేదాకా నన్ను పట్టుకొని నడిచింది.

బాపు చెవి రూపాయికి పనికొస్తది. రూపాయి బండ మీద పడ్తది, దేగు భూమి కడుపులో ఉంటది. పైన ఉన్న చిల్లర గట్టిగ అరిచింది, అడుగున ఉన్న పెద్దమాలు మెల్లగ పలికింది, అంతే. గోడ మూలన నేను ఖోటా అని తిప్పి పంపింది ఇదే గొంతు.

సాయంత్రం మా ఇంటాయన తువ్వాల భుజానేసుకొని పెరట్లకు వచ్చిండు.

"కాగేది?"

"భూమిల ఉన్నది."

"నీళ్లు?"

"బాయిల ఉన్నయి. చల్లటివి పోసుకో, ఒంటికి మంచిది."

"మొలలైపోయినయా, ఇప్పుడు కాగులు పాతుతున్నవా?" అనుకుంటనే చల్లనీళ్లు పోసుకున్నడు పాపం.

తెల్లవారి ఖాలా ఇంటికి పోయేసరికి కొడుకు బట్టల మూట కట్టి గుమ్మంలో పెట్టిండు.

"తమ్మీ, పార తీస్కో."

"మల్ల నాడాలా, అక్కా?"

"గోడ మూల."

"అది ఖోటా అంటివి గద!"

"ఖోటా అన్నది నేను. భూమి అనలే. నడువ్."

బ్యాటరీ కొనప్రాణం మీద ఉన్నది. డిప్పలు చెవులకు గట్టిగా ఒత్తుకొని, కూలిన గోడ మట్టి మీద పళ్లెం మెల్లగా జరిపిన. బొంగురు రొద మొదలైంది. అడుగు వేసిన, ఉన్నది. ఇంకో అడుగు, ఉన్నది. మోత తెగినచోటల్లా కాలితో గీసుకుంటూ తిరిగి వస్తే, నేల మీద ఒక గుండ్రటి గీత తేలింది. ఖాలా వంగి ఆ గీతను జానలతో కొలిచింది. దాని వెడల్పు ఆమెకు తెలుసు.

గోడ మట్టి తీసినంక అసలు నేల వచ్చింది. పిల్లగాడు మోకాళ్ల లోతు, నడుం లోతు దిగిండు. గల్లీ జనం చేరిన్రు. నా మొలల గురించి ఒకడు పాట కట్టబోతుంటే గడ్డపార దేనికో తగిలింది. ఆ చప్పుడు మిషినులో కాదు, అందరి చెవులకూ వినపడ్డది. గడ్డపార పడేసి అతను చేతులతో మట్టి తోసిండు. పచ్చగా చిలుముపట్టిన రాగి వీపు కనపడ్డది. దేగు బోర్లా పడుకొని ఉన్నది.

మోకులేసి ఒక పక్కకు లేపిన్రు. బోర్లా ఉన్నదాన్ని తిప్పేటప్పుడు ఊపిరి బిగపట్టనోళ్లు లేరు, అందరికన్నా ఎక్కువ నేను. దేగు కింద కప్పిపెట్టిన ఒక పెద్ద ఇనుప గరిటె, ఒక బట్టమూట. మూట విప్పితే షాజీరా, లవంగాలు, యాలకులు. వేళ్ల మధ్య నలిపితే మట్టి అయినయి. వాసన కూడా లేదు.

"గింతేనా?" అన్నరు జనం.

"సగం నీది, సావుకారమ్మా!" అని ఎవరో అరిచిన్రు. జిందగీల అంత నవ్వు నా మీద పడలే. నేను కూడా యాలకుల పొడి చిటికెడు తీసుకొని కొంగుకు కట్టుకున్న. బేరం బేరమే.

ఖాలా నవ్వలే. గరిటె తీసి కొంగుతో తుడిచి కొడుకు చేతికిచ్చింది. అతను దాన్ని ఎత్తి, పిడి ఎట్ల పట్టుకోవాలో ఎవరో చెప్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసిండు. ఐతారం నాడు బట్టల మూట విప్పి ఉన్నది. అతను కలాయి పూసెటోని దగ్గర కూసొని దేగు తోముతున్నడు.

కలాయి పడ్డ దేగు వెండిలెక్క మెరిసింది. పెద్దమసీదు వెనక ఒక షాదీ కుదిరింది, మొదటి పని. దానికి ముందు రోజు పొద్దున, ఖాలా కొడుకును తీసుకొని మా దుకాణానికి వచ్చి బియ్యం, చక్కెర, నెయ్యి, యాలకులు కొన్నది. నేను మామూలుగానే ధర చెప్పిన, ఆమె మామూలుగానే తగ్గించింది. మధ్యాహ్నానికి ఆ కొడుకే ఒక ఇత్తడి గంగాళం నెత్తిన పెట్టుకొని మా గడప ముందర దించిండు. వెనక ఖాలా. గంగాళం నిండా తియ్యటి అన్నం, కుంకుమపువ్వు రంగులో పొగలు కక్కుతున్నది.

మా కోమటి ఇంట్లో మాంసం ముట్టరని, బయటి వంట గడప దాటదని ఆమెకు తెలుసు. తలుపు బయటనే నిలబడి చెప్పింది.

"రేపటి నుంచి దేగుల గోష్ పడ్తది బిడ్డా. ఇయ్యాల ఇంకా ఏమీ పడలే. బియ్యం మీదే, నెయ్యి మీదే. దేగుల ఏమున్నా సగం నీదంటివి గద. తెచ్చిన."

గంగాళం దిక్కు చూసిన. లోపలి గదిలో మా ఇంటాయన పద్దులు ఆపి నా దిక్కు చూసిండు. వాకిట్లో అప్పటికే గల్లీ చేరింది.

"సగమేనా ఖాలా?" అన్న. "అడుగంటినదాంట్ల కూడ నాకు వాటా ఉండాలె."

"అడుగు అంటలే అక్కా," అన్నడు ఖాలా కొడుకు, కొంచెం కోపంగనే. "నేను వండిన."

లోపలి నుంచి మా ఇంటాయన విస్తర్ల కట్ట తెచ్చి నా చేతికిచ్చిండు.