ఆయన రాసిన అడ్రసు

మా ఆయన ముప్ఫై ఏళ్లుగా చర్చి ఆఫీసులో గుమాస్తా. జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, చావులు, రిజిస్టరులో ఏది రాసినా కొట్టివేత ఉండదు. కళ్లతో చూడనిది, కాగితం లేనిది చచ్చినా రాయరు. అందరూ ఆయనకు "సాక్ష్యం గారు" అని పేరు పెట్టారు. మీ పెళ్లిరోజు ఎప్పుడని ఒకసారి ఎవరో అడిగితే, రిజిస్టరు చూసొచ్చి చెప్పారు మహానుభావులు! నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక ఆదివారం ఫాదర్ గారు, పసివాడైన యేసును ఎత్తుకుని మరియమ్మ, జోజప్ప ఐగుప్తుకు పారిపోయిన సంగతి మీద ప్రసంగించారు. "ప్రాణభయంతో వచ్చినవాళ్లకు చోటివ్వడం దానం కాదమ్మా, న్యాయం. అది వాళ్ల హక్కు," అన్నారు. అందరం తలలూపాం. నేను కాస్త ఎక్కువే ఊపాను.

మర్నాడే ఒక తల్లి, తొమ్మిదేళ్ల కూతురు ఆఫీసుకు వచ్చారు. యుద్ధంలో ఇల్లు కూలిపోయి సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. ఫలానా ఇంట్లో ఉంటున్నారని శుక్రవారంలోగా అధికారులకు చర్చి నుంచి ఉత్తరం చూపించాలి. లేదంటే ఇద్దరినీ తిరిగి శరణార్థుల శిబిరానికి పంపేస్తారు. అక్కడ ఆ పిల్ల జ్వరమొచ్చి చావు తప్పి బయటపడింది. ఇల్లంటే వాళ్లకు ఎక్కడిది? బస్టాండులో పడుకుంటున్నారు.

ఆయనకు భోజనం క్యారియరు తీసుకుని నేనూ అప్పుడే వెళ్లాను. ఆయన కలం పట్టుకుని దిక్కులు చూస్తున్నారు.

"ఏదో ఒక అడ్రసు రాసి పారెయ్యండి. మీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"లేనిది ఎలా రాయను?"

"మీ నిజాయితీ తగలెయ్య! పసిపిల్లండీ అది. అసలు మీకు మనసుందా?"

మూడు రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు. గురువారం సాయంత్రం తల్లీకూతుళ్లను వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. ఉత్తరంలో మా ఇంటి అడ్రసే ఉంది. వచ్చీరాగానే నా కుట్టుమిషను గది ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు వంటింటి మూలలో కుట్టి కుట్టి, పిల్లల పెళ్లిళ్లయ్యాక దక్కించుకున్న గది అది.

"అబద్ధం రాయమన్నాను గానీ, దాన్ని నిజం చెయ్యమన్నానా?" అని అరిచాను.

"నాకు అదొక్కటే చేతనైంది," అన్నారు, చీపురు ఆపకుండానే.

ఆ తల్లి గుమ్మం దాటలేదు. "అక్కా, మాకు వరండా చాలు," అంది. నాకు సిగ్గేసింది. అయినా కోపం మాత్రం తగ్గలేదు.

శుక్రవారం పొద్దున తనిఖీకి అధికారి వచ్చాడు. "వీళ్లు ఇక్కడే ఉంటున్నారా?" అని అడిగాడు.

"నిన్న సాయంత్రం నుంచండీ," అన్నారు మా ఆయన.

ఓరి దేవుడా! ఆ ఒక్క ముక్కా మింగకూడదా? అధికారి రాయడం ఆపేశాడు.

"ఇది మూణ్ణాళ్ల ముచ్చటేనా? ఎన్నాళ్లుంటారు?"

మా ఆయన నా వైపు చూశారు. గది నాది. నేను ఒప్పుకున్నానని ఆయన అబద్ధం చెప్పలేరు. ఆ పిల్ల వాళ్లమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని నన్నే చూస్తోంది. ఒకసారి అన్నానంటే ఆ మాట నేను దాటుదామన్నా ఈయన దాటనివ్వరు.

"వాళ్లకు సొంత ఇల్లు దొరికేదాకా ఉంటారు. రాసుకోండి," అన్నాను.

ఇది జరిగి నాలుగేళ్లు. నా మిషను ఇంకా వంటింట్లోనే ఉంది.